పాత మస్టాంగ్, తలుపు దగ్గర స్టిక్కర్ లేదు: కొనవచ్చా?

అందరికీ నమస్కారం. మాది కావలి. డాలస్ వచ్చి 4 నెలలైంది. 2018 ఫోర్డ్ మస్టాంగ్ జీటీ కారు ఒకటి చూశాను, చాలా నచ్చింది. డ్రైవర్ తలుపు దగ్గర ఉండాల్సిన స్టిక్కర్ లేదు. పెయింట్ వేయించినప్పుడు పోయిందని ఓనర్ అంటున్నాడు. రేపటికల్లా అడ్వాన్స్ ఇవ్వమంటున్నాడు. ఇంట్లో ఇంకా చెప్పలేదు, టెన్షన్‌గా ఉంది.

—

తమ్ముడూ, అడ్వాన్స్ ఇవ్వకు. మిగతాది నిదానంగా చదువు.

మాది నెల్లూరు. రొయ్యల చెరువులకు మేత తోలడానికి మా నాన్న పాత మినీ లారీ కొన్నప్పుడు ఆటోనగర్ మెకానిక్‌ను వెంటబెట్టుకొని వెళ్లాడు. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి, పెన్సిలుతో రుద్ది అచ్చు తీయించాడు. దాన్ని ఆర్‌సీ పక్కన పెట్టి నా చేత అక్షరం అక్షరం చదివించాడు. ఏపీ 26 బోర్డు ఉంది, మన జిల్లా బండే కదా అని నమ్మేయలేదు.

అంత చూసి పెరిగిన నేను ఇక్కడ మొదటి కారు కొన్నప్పుడు ఆ పని చేయలేదు. రెండు తలుపుల స్పోర్ట్స్ కారు, రంగు మెరుస్తోంది, టైర్లు కొత్తవి, అంతే చూశాను. ఏడాది తర్వాత అమ్మబోతే, చూడటానికి వచ్చినతను తలుపు తెరిచి, "ఈ స్టిక్కర్ మీద నంబరు వేరే ఉందే" అన్నాడు. ఆ తలుపు ఇంకో కారుది. పెద్ద యాక్సిడెంటయిన బండిని అతికించి నాకు అమ్మారు. సగం ధరకు వదిలించుకున్నాను. చెల్లెలి పెళ్లికి పంపాలనుకున్న డబ్బు అలా పోయింది. నీకు అలా జరగకూడదనే ఇంత రాస్తున్నాను.

ముందు విన్ నంబరు చూడు, అంటే మన చాసిస్ నంబరు లాంటిది, ప్రతి కారుకూ వేరే ఉంటుంది. డ్రైవర్ వైపు ముందు అద్దంలోంచి డాష్‌బోర్డు మూలన చిన్న పట్టీ కనిపిస్తుంది. 1981 మోడల్ నుంచి ఇక్కడి కార్లన్నింటికీ అందులో అక్షరాలు, అంకెలు కలిపి 17 ఉంటాయి. 1, 0లతో పొరబడకుండా ఐ, ఓ, క్యూ అక్షరాలు అందులో వాడరు. 9వ స్థానంలో ఉండేది మిగతావి సరిగ్గా ఉన్నాయో లేదో లెక్క కట్టి తేల్చే అంకె. అక్కడ ఎక్స్ కూడా రావచ్చు. 10వది మోడల్ సంవత్సరం: 2017కు హెచ్, 2018కి జె. 11వది ఫ్యాక్టరీ. మిషిగన్‌లోని ఫ్లాట్ రాక్‌లో తయారైన మస్టాంగ్‌కు అక్కడ 5 ఉంటుంది.

నీకు అన్నిటికన్నా ముఖ్యం 8వ అక్షరం. అది ఇంజన్‌ది. ఆ ఏడాది జీటీలో ఉండే 5.0 లీటర్ల వీ8కి ఎఫ్. 2.3 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజన్‌కు హెచ్. వెనక జీటీ బిళ్ల ఎవరైనా అంటించవచ్చు.

ఇక తలుపు దగ్గరి స్టిక్కర్. తలుపు అంచు మీదో, ఎదురుగా కారు బాడీ స్తంభం మీదో ఉంటుంది. కారు తయారైన నెల, సంవత్సరం, బరువు పరిమితి, విన్, ఫెడరల్ భద్రతా ప్రమాణాలకు సరిపోతుందన్న వాక్యం ఉంటాయి. ఫోర్డ్ కార్లకు రంగు కోడ్ కూడా అక్కడే ఉంటుంది. చింపకుండా, చెరపకుండా ఊడదీయడానికి వీల్లేనట్టు అంటించాలని నిబంధన. పని తెలిసిన పెయింటర్ దాని మీద టేపు వేసి కాపాడతాడు. కాబట్టి పెయింట్‌తో పోయిందన్న మాట నేను నమ్మను. తలుపే మారి ఉండొచ్చు, ఇంకా పెద్ద విషయం కూడా ఉండొచ్చు. విన్ నంబరును కావాలని మార్చడం, చెరపడం ఇక్కడ ఫెడరల్ నేరం. అలాంటి బండి నీ చేతికొస్తే పోలీసులు పట్టుకెళ్లే ప్రమాదముంది.

కొన్ని మోడళ్లకు హుడ్ (బానెట్), ఫెండర్లు (చక్రాల పైనుండే రేకులు), తలుపులు, బంపర్ల లోపలి వైపు కూడా చిన్న విన్ స్టిక్కర్లుంటాయి. మార్చిన భాగానికైతే ఆర్ అన్న అక్షరం ఉంటుంది. దొంగతనాన్ని ఆపే పరికరంతో మినహాయింపు పొందిన మోడళ్లకు ఇవి ఉండవు, లేవని కంగారుపడకు. ఒక ఫెండర్‌కు ఉండి రెండోదానికి లేకపోతే మాత్రం ఎందుకో అడుగు.

నంబరు దొరికాక ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ (ఫెడరల్ రోడ్డు భద్రతా సంస్థ) డీకోడర్‌లో, ఎన్‌ఐసీబీ (బండ్ల దొంగతనాలు, ఇన్సూరెన్స్ మోసాలు చూసే సంస్థ) విన్‌చెక్‌లో వేసి చూడు. రెండూ ఉచితం. టైటిల్ (బండి ఎవరిదో చెప్పే కాగితం) మీది విన్ కారుతో, ఓనర్ పేరు అతని లైసెన్సుతో కలవాలి. కొనేటప్పుడు అతన్నే తీసుకొని కౌంటీ ట్యాక్స్ ఆఫీసుకు వెళ్లు. రానంటే వదిలెయ్.

—

తమ్ముడూ, ఒంగోలు అక్కను. పైన అన్నయ్య చెప్పినవన్నీ చూసుకో. ఆ విన్‌తోనే ఇన్సూరెన్స్ ఎంతవుతుందో కొనకముందే అడుగు. కొత్తగా లైసెన్సు తీసుకున్నవాళ్లకు వీ8 కారు ప్రీమియం చాలా ఎక్కువ వస్తుంది. రీకాల్స్ (లోపం ఉందని కంపెనీ వెనక్కి పిలిచి బాగుచేసేవి) కూడా అదే నంబరుతో తెలుస్తాయి. నాన్నగారికి చెప్పు నాయనా, ఇంత పెద్ద కొనుగోలు దాచుకోవద్దు.

—

అన్నా, అక్కా, సాయంత్రం వెళ్లి అద్దంలోంచి విన్ ఫొటో తీసుకున్నాను. 10వది జె, 2018 నిజమే. 8వది హెచ్. టైటిల్ చూపించమంటే తమ్ముడి దగ్గరుందన్నాడు. డబ్బు ఇవ్వలేదు. ఇప్పుడు కావలిలో తెల్లవారుతోంది, నాన్న లేచి ఉంటాడు, ఫోన్ చేస్తున్నాను.