పసిపిల్లలతో రెండేళ్లు చిన్న దీవిలో: ముందే ఏవి సిద్ధం చేసుకోవాలి?

దీవికి_పయనం:
భూమధ్యరేఖకు దగ్గర్లో ఉన్న ఒక చిన్న దీవికి ఉద్యోగం మీద రెండేళ్లకు వెళ్తున్నాం. పిల్లలిద్దరు. చిన్నదానికి 14 నెలలు, 10 కిలోలు. పెద్దవాడికి 7 ఏళ్లు. దీవిలో ఒక్క నర్సు ఉండే ఆరోగ్య కేంద్రం తప్ప ఏమీ లేదు. ఆసుపత్రి పక్క దీవిలో ఉంది. పడవ మంగళ, శుక్రవారాల్లోనే, ఆరు గంటల ప్రయాణం. ఇంటిది రేకుల కప్పు, 60 చదరపు మీటర్లు. తాగడానికీ వాడకానికీ వాన నీళ్లే. కరెంటు సోలార్. టీకాలన్నీ వేళకు వేయించాం. మందుల పెట్టె, నీళ్లు, సముద్రం, ఈ మూడింటి గురించి తెలిసినవాళ్లు చెప్పండి. "జాగ్రత్తగా ఉండండి" అని కాకుండా లెక్కలతో చెబితే మేలు.

పిల్లల_వార్డు:
మందుల కంటే ముందు పడవ టైమ్‌టేబుల్‌ని గోడకు అంటించుకోండి. అక్కడ ప్రతి జబ్బుకీ అడగాల్సిన ప్రశ్న "ఇప్పుడు ఎలా ఉంది?" అని కాదు, "తర్వాతి పడవ దాకా ఇంట్లో ఉంచవచ్చా?" అని.

డెంగీనే తీసుకోండి. జ్వరం ఎక్కువగా ఉన్న రోజుల్లో కంటే, జ్వరం దిగే సమయంలోనే అసలు ప్రమాదం. మామూలుగా అది 3 నుంచి 7వ రోజు మధ్య వస్తుంది, ఒకటి రెండు రోజులు ఉంటుంది. జ్వరం తగ్గిందని ఊపిరి పీల్చుకునేది సరిగ్గా అప్పుడే. అందుకే జ్వరం మొదలైన రోజును 1వ రోజుగా రాసుకోండి. శనివారం మొదలైతే మంగళవారానికి 4వ రోజు. ఆ పడవ వదిలేస్తే మళ్లీ శుక్రవారం దాకా, అంటే 7వ రోజు దాకా దారి లేదు. దోమల కాలంలో కారణం తెలియని జ్వరమైతే మంగళవారమే ఎక్కించండి. కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లు లేదా ముక్కు నుంచి రక్తం, మగతగా పడి ఉండటం, ఆరు గంటలు మూత్రం రాకపోవడం: వీటిలో ఏది కనిపించినా పడవ రోజు కోసం చూడకుండా నర్సు ద్వారా అత్యవసర తరలింపు అడగాలి.

జ్వరానికి పారాసెటమాల్ ఒక్కటే. డెంగీ కాదని తేలేదాకా ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ ఇవ్వకండి, రక్తస్రావం పెరుగుతుంది. మోతాదు కిలోకు 15 మిల్లీగ్రాములు దాటకూడదు, డోసుకూ డోసుకూ కనీసం నాలుగు గంటలు, రోజుకు నాలుగు డోసులకు మించకూడదు. పొరపాట్లు జరిగేది సీసా దగ్గర. మీ పాపకు 150 మిల్లీగ్రాములు అంటే, 5 మిల్లీలీటర్లకు 120 ఉన్న సిరప్ అయితే 6 మిల్లీలీటర్ల పైచిలుకు, 250 ఉన్నదైతే 3, మిల్లీలీటరుకు 100 ఉండే చుక్కల మందైతే ఒకటిన్నర. చుక్కల మందును సిరప్ లెక్కన పోస్తే నాలుగింతలు లోపలికి పోతుంది. ఇంట్లో ఒకే రకం సీసా ఉంచండి, కొలతను పెద్ద అక్షరాలతో దాని మీదే రాయండి. పాప బరువు పెరిగినప్పుడల్లా మార్చి రాయండి.

విరేచనాలకు ఒక లీటరుకు సరిపోయే ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఓ ముప్పై, 20 మిల్లీగ్రాముల జింక్ మాత్రలు పెట్టుకోండి. విరేచనం అయిన ప్రతిసారీ చిన్నదానికి 50 నుంచి 100 మిల్లీలీటర్లు, పెద్దవాడికి 100 నుంచి 200. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, తర్వాత రెండు మూడు నిమిషాలకో చెంచా చొప్పున పట్టండి. గ్లాసుతో ఒకేసారి తాగిస్తే మళ్లీ కక్కేస్తారు. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి. జింక్ రోజుకు ఒకటి, విరేచనాలు ఆగినా సరే 10 నుంచి 14 రోజులు. ప్యాకెట్లు అయిపోతే లీటరు శుభ్రమైన నీళ్లలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు, రెండూ తలకొట్టి కొలిచి. ఉప్పు ఎక్కువైతే పిల్లలకు ప్రమాదం.

నీటిలెక్క:
నీళ్ల సంగతి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. మీ కప్పు మీద 10 మిల్లీమీటర్లు పడితే 600, చిందినవీ ఆవిరైనవీ పోగా చేతికి 480 వరకు వస్తాయి. నలుగురికి తలా 20 లీటర్లు పొదుపుగా వాడినా రోజుకు 80. రెండు నెలలు వాన లేకపోతే 4800 లీటర్లు కావాలి. ట్యాంకు అంతకంటే చిన్నదైతే తాగే నీళ్లకు వేరే ట్యాంకు పెట్టి, దాన్ని వాడకానికి ముట్టుకోకండి.

మొదటి వాన నీళ్లు ట్యాంకులోకి పోనివ్వకూడదు. పక్షుల రెట్టలు, ఆకులు, దుమ్ము అందులోనే ఉంటాయి. చదరపు మీటరుకు కనీసం అర లీటరు, అంటే మీకు 30 లీటర్లు పక్కకు పోయేలా పైపు పెట్టించండి. ఇంటి మీదికి చెట్లు వాలి ఉంటే రెండింతలు మూడింతలు చేయండి. ఆ పైపు అడుగున చిన్న రంధ్రం ఉండి వాన వెలిశాక నీళ్లు కారిపోవాలి, లేకపోతే తర్వాతి వానకు అది నిండే ఉంటుంది, మురికంతా ట్యాంకులోకే. ఈ రంధ్రం ఆకు ముక్కతో పూడుకుపోవడం మామూలే. పాత కప్పు మీద సీసం రేకులు గానీ సీసం ఉన్న పెయింటు గానీ ఉంటే ఆ నీళ్లు పిల్లలకు తాగించవద్దు, మరిగించినా సీసం పోదు.

నీళ్లలో క్రిములను చంపడానికి ద్రవ బ్లీచ్ కావాలి. 5 శాతంది, సువాసన కలపనిది కొనండి. వెయ్యి లీటర్లకు 100 మిల్లీలీటర్లు పోసి ఒక రోజంతా వదిలేయాలి. ట్యాంకుకు వేయకపోతే తాగే నీళ్లలో లీటరుకు రెండు చుక్కలు, అరగంట ఆగాలి. మసకగా ఉంటే ముందు గుడ్డతో వడగట్టి నాలుగు చుక్కలు. వేడికి బ్లీచ్ బలం తగ్గిపోతుంది, నీడలో ఉంచినా సరే. ఏడాది పాత సీసాను నమ్మవద్దు. కొంచెం కొంచెంగా, ప్రతి పడవకూ తెప్పించుకోండి.

ఇక దోమలు. డెంగీ దోమ మీ ట్యాంకులోనే పుడుతుంది. గాలి గొట్టానికి, పొంగు గొట్టానికి, మూతకు ఒక మిల్లీమీటరు మించని రంధ్రాల జాలీ వేయించండి. గుడ్డు నుంచి దోమ కావడానికి ఏడెనిమిది రోజులు చాలు కాబట్టి బకెట్లు, పూలకుండీల పళ్లేలు వారానికోసారి ఖాళీ చేయాలి. ఒంపేసి ఊరుకుంటే లాభం లేదు. గుడ్లు నీటి మట్టానికి కాస్త పైన గోడకు అంటుకుని ఎండిపోయినా నెలల తరబడి బతుకుతాయి, నీళ్లు తగలగానే పిల్లలవుతాయి. పీచుతో గీకి కడగాలి.

పగడపుదిబ్బ:
ఇక సముద్రం. పగడపు దిబ్బకూ ఒడ్డుకూ మధ్య నీళ్లు చెరువులా కనిపిస్తాయి. మోసం అక్కడే. అలలు దిబ్బ మీదుగా లోపలికి తోసిన నీరంతా దిబ్బలోని సందుల గుండా బయటికి పోతుంది, ఆటు సమయంలో ఇంకా వేగంగా. ఆ సందు దగ్గర అల విరగదు, నీరు ముదురు రంగులో నిశ్శబ్దంగా ఉంటుంది. పిల్లవాడు ఎంచుకునేది సరిగ్గా ఆ చోటే. దీవిలో మొదటి వారం జాలర్లను అడిగి సందులన్నీ చూసి, "ఇక్కడి నుంచి ఇక్కడికి మాత్రమే" అని గుర్తు పెట్టండి. లాక్కుపోతే ఎదురీదకూడదు: వెల్లకిలా తేలడం, చెయ్యెత్తి కేకేయడం, తర్వాత ఒడ్డుకు సమాంతరంగా ఈదడం. పెద్దవాడికి ఈత వేగం కంటే వెల్లకిలా తేలడం ముందు నేర్పించండి. చిన్నదానికి చెయ్యి చాస్తే అందేంత దూరంలో మీరుండాలి. బకెట్లో కొన్ని అంగుళాల నీళ్లు కూడా చాలు, ప్రాణం మీదికి రావడానికి.

లైఫ్ జాకెట్ బరువును బట్టి కొనండి, "పెరుగుతుందిలే" అని పెద్దది వద్దు. తొడిగి భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగండి. గడ్డం దాటి చెవుల దాకా వస్తే పనికిరాదు. కాళ్ల మధ్య పట్టీ ఉన్నదే తీసుకోండి. గాలి ఊదే చేతి పట్టీలు ఆటబొమ్మలు, అంతే. నీలం, తెలుపు ఈత బట్టలు నీళ్లలో కనిపించవు. నారింజ, ముదురు గులాబీ మేలు.

గట్టి అడుగున్న నీటి బూట్లు ఇద్దరికీ. స్టోన్‌ఫిష్ (రాయిలా కనిపించే విషపు ముళ్ల చేప) ముల్లు దిగితే భరించగలిగినంత వేడి నీళ్లలో, 45 డిగ్రీలు దాటకుండా, 30 నుంచి 90 నిమిషాలు కాలు ఉంచాలి. వేడి మీ చేత్తో చూడండి, నొప్పిలో పిల్లలకు చర్మం కాలుతున్నట్టు తెలియదు. బాక్స్ జెల్లీఫిష్ తాకితే అర నిమిషం వెనిగర్ పోసి, తర్వాత పట్టకారుతో తంతువులు తీయాలి. మంచినీళ్లు పోయకండి, ఇసుకతో రుద్దకండి. దిబ్బ దగ్గర పట్టిన పెద్ద చేపలు, ముఖ్యంగా బారకుడా, మోరే (పాములాంటి చేప), పిల్లలకు పెట్టకండి. వాటిలో ఉండే సిగువటేరా అనే విషం వండినా, గడ్డ కట్టించినా పోదు.

దీవికి_పయనం:
చాలా థాంక్స్ అండీ. రెండు సందేహాలు. ఓఆర్‌ఎస్ బదులు కొబ్బరినీళ్లు ఇవ్వవచ్చా? అక్కడ ఎక్కడ చూసినా అవే అంటున్నారు. ఇంకా, సోలార్ ఫ్రిజ్‌లో సిరప్ యాంటీబయాటిక్ నిల్వ ఉంటుందా?

పిల్లల_వార్డు:
కొబ్బరినీళ్లలో సోడియం తక్కువ, పొటాషియం ఎక్కువ. ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు తాగించండి. విరేచనాల్లో పోయేది సోడియం, అందుకని ఓఆర్‌ఎస్‌కు అది బదులు కాదు.

యాంటీబయాటిక్‌ను డాక్టరు రాసిస్తే, కలపని పొడి సీసాగా తెచ్చుకోండి. పొడిగా ఉంటే చల్లని పొడి చోట గడువు దాకా నిలుస్తుంది. కలిపాక ఒకటి రెండు వారాలే, సీసా మీద రాసి ఉంటుంది. నీళ్లు మరిగించి చల్లార్చి, పొడిని విదిలించి, రెండు విడతల్లో గీత వరకు పోయండి. ఒకేసారి పోస్తే అడుగున ఉండ కట్టి డోసు తప్పుతుంది. ఫ్రిజ్ రాత్రి బ్యాటరీ దిగాక ఎంత వేడెక్కుతుందో ఒక చౌక థర్మామీటరు లోపల పెట్టి వారం రోజులు చూడండి.

పగడపుదిబ్బ:
ఒకటి మరిచాను. ఇంట్లో వీహెచ్‌ఎఫ్ రేడియో (పడవలతో మాట్లాడేది) పెట్టుకుంటే మీ ఏడేళ్లవాడికి ఆపదలో పిలిచే 16వ ఛానెల్ నేర్పండి. మీట నొక్కి "మేడే" (ప్రాణాపాయం అని చెప్పే పిలుపు) మూడుసార్లు, దీవి పేరు, ఏం జరిగింది, ఎంతమంది ఉన్నారు, తర్వాత మీట వదిలి వినడం. వాళ్లు పొరపడేది ఆ వదలడం దగ్గరే. నొక్కి పట్టుకుంటే అటునుంచి మాట వినిపించదు. ఆపిన రేడియో మీద నెలకోసారి ఆడించండి. తమాషాకు ఆ ఛానెల్ నొక్కకూడదని కూడా మొదటి రోజే చెప్పేయండి.