తిరుపతి పొడి చెత్త: ఒకే కంపెనీకి టెండరా, గుజిరీ అంగళ్లతో ఒప్పందమా?

అలిపిరి బైపాస్:
కార్పొరేషన్ పొడి చెత్తనంతా ఒకే రీసైక్లింగ్ కంపెనీకి ఇవ్వాలన్నది నా వాదన. 2022 ఫిబ్రవరి ఈపీఆర్ (ఉత్పత్తిదారుల విస్తృత బాధ్యత) నిబంధనల ప్రకారం సరుకమ్మే బ్రాండ్లదే ప్యాకింగ్ ప్లాస్టిక్ బాధ్యత. బాటిల్, డబ్బా లాంటి గట్టి ప్యాకింగ్‌లో 2025-26 నుంచి 30 శాతం, 2028-29కి 60 శాతం రీసైకిల్ ప్లాస్టిక్ వాడాలి. ఇంత ప్లాస్టిక్ రీసైకిల్ చేశామని చూపే ఈపీఆర్ సర్టిఫికెట్లను బ్రాండ్లకు అమ్మగలిగేది సీపీసీబీ (కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి) పోర్టల్‌లో నమోదైన రీసైక్లరే. గుజిరీ అంగడి ఆ లెక్కలోకి రాదు. మన బస్టాండు, లాడ్జీల బాటిళ్లు లారీలెక్కి పోతాయి, సర్టిఫికెట్ డబ్బు ఇంకో ఊళ్లో మిగులుతుంది.

గుజిరీ పక్షం:
అన్నా, సరుకు సంగతి కూడా చూడు. వాటర్ బాటిల్ పెట్ అనే ప్లాస్టిక్, మూత హెచ్‌డీపీఈ అనే ఇంకో రకం. ముక్కలు కొట్టి నీళ్లలో వేస్తే మూత తేలుతుంది, పెట్ మునుగుతుంది. చిక్కల్లా పీవీసీ అనే మరో ప్లాస్టిక్‌తో చేసిన లేబుల్‌తోనే. దాని సాంద్రత దాదాపు పెట్‌ అంతే, కాబట్టి రెండూ అడుక్కే పోతాయి. పెట్ కరగాలంటే 250 డిగ్రీలు దాటాలి. ఆ వేడికి పీవీసీ మాడి హైడ్రోక్లోరిక్ ఆమ్లం వదిలితే, కరిగించి తీసిన ప్లాస్టిక్ గింజ పసుపెక్కి పెళుసైపోతుంది. కొద్దిపాటి పీవీసీ చాలు, లాటంతా చెడడానికి. ఆ లేబుళ్లను చేత్తో చీరి తీసేది గుజిరీ అంగళ్లలో పనిచేసేవాళ్లు. వాళ్లను పక్కనబెట్టి టన్నుకింత అని టెండర్ రాస్తే, తడి చెత్తతో సహా తూకానికొస్తుంది. డబ్బివ్వాల్సింది ఏరి కట్టిన బేలుకు (నొక్కిన కట్టకు), అదీ తేమ చూశాక.

తుకివాకం (చెత్త శుద్ధి కేంద్రం) చూపు:
ఇద్దరూ బాటిళ్ల దగ్గరే ఆగిపోయారు. చిప్స్, బిస్కెట్ కవర్ల మాటేమిటి? ప్లాస్టిక్ పొరల మధ్య అల్యూమినియం పూత ఉంటుంది, విడదీస్తే గిట్టదు. గుజిరీ కొనదు, కంపెనీ ముట్టదు. మిగిలేది ఎర్రగుంట్ల వైపు సిమెంటు బట్టీల్లో ఇంధనంగా కాల్చడమే. అక్కడా తేమ, క్లోరిన్ ఎక్కువుంటే తీసుకోరు. క్లోరిన్ లవణాలు ప్రీహీటర్‌లో (బట్టీకి ముందు ముడిసరుకు వేడిచేసే చోట) పేరుకుని దారి మూసేస్తాయి. అందుకే ఎవరికిచ్చినా ఒకటే షరతు ఉండాలి: బాటిల్ కావాలంటే కవరు కూడా ఎత్తాలి, దాని లారీ బాడుగ బ్రాండ్లు కట్టాలి.

అలిపిరి బైపాస్:
ఆ షరతు సరే. ఏరేవాళ్లకు కూలీ కూడా ఒప్పందంలోనే రాద్దాం. ఒకే కంపెనీ అన్నమాట మాత్రం వదలను. చేతులు మారేకొద్దీ లెక్క తప్పుతుంది. 2023లో నకిలీ ఈపీఆర్ సర్టిఫికెట్లు లక్షల్లో బయటపడ్డాయి కదా.

గుజిరీ పక్షం:
వాటిని పుట్టించింది నమోదైన రీసైక్లర్లే కదన్నా! నమోదొక్కటే చాలదు. వేబ్రిడ్జి తూకం చీటీ, సరుకు రవాణాకు తీసే ఈ-వే బిల్లు, ఫ్యాక్టరీ కరెంటు బిల్లు మూడూ నెలనెలా పక్కపక్కన పెట్టి చూడాలి. యూనిట్లు కదలకుండా టన్నులు పెరిగితే ఆ టన్నులు కాగితం మీదివే. అలా తేలిన నెల చెల్లింపు ఆపే అధికారం కార్పొరేషన్‌కు ఉంటుందని ఒప్పందంలో రాయిస్తావా? అప్పుడు ఒకే కంపెనీ గురించి మాట్లాడదాం.