ఏఎన్‌ఏ 1:40 పాజిటివ్, బ్లాట్ నెగటివ్: ఆటోఇమ్యూన్ హెపటైటిస్ లేనట్టేనా?

ప్రశ్న: పేషెంటుకు 34 ఏళ్లు, మహిళ. మూడు నెలలుగా ఎస్‌జీపీటీ (లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము) 200 పైనే ఉంటోంది. హెపటైటిస్ బి, సి నెగటివ్. ఏఎన్‌ఏ (సొంత కణాల కేంద్రకాల మీద పనిచేసే యాంటీబాడీలు) 1:40 పాజిటివ్, ఏఎన్‌ఏ ప్రొఫైల్ బ్లాట్‌లో (అవి ఏ రకం యాంటీబాడీలో విడివిడిగా చూపే స్ట్రిప్పు పరీక్ష) అన్నీ నెగటివ్. ఇక ఆటోఇమ్యూన్ హెపటైటిస్ (సొంత రోగనిరోధక శక్తే లివర్ మీద దాడి చేసే జబ్బు) సంగతి వదిలేయొచ్చా అండీ?

జవాబు: వదిలేయకండి. అలాగని 1:40 చూసి జబ్బు ఖాయమనుకోనూ వద్దు. సీరమ్‌ని 40 రెట్లు పలచన చేసినా స్లైడు మీద వెలుగు కనిపించిందని దానర్థం. ఆ పలచనలో ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే పదిమందిలో ముగ్గురికి పాజిటివ్ వస్తుంది.

చిక్కంతా ఆ బ్లాట్‌తోనే. ఆ స్ట్రిప్పు లూపస్, షోగ్రెన్ లాంటి జబ్బుల కోసం. లివర్‌కి కావలసిన ఏఎస్‌ఎంఏ, ఎల్‌కేఎం-1, ఎస్‌ఎల్‌ఏ అనే యాంటీబాడీల పరీక్షలు దాంట్లో ఉండవు. ఎలుక లివర్, కిడ్నీ, జీర్ణాశయం ముక్కల మీద ఇమ్యునోఫ్లోరసెన్స్ (యాంటీబాడీలు అతుక్కున్నచోట వెలుగు కనిపించే పరీక్ష) చేస్తారా అని ల్యాబ్‌లో అడగండి. ఎస్‌ఎల్‌ఏ ఆ స్లైడు మీద కనిపించదు, దానికి ఎలైజా (యాంటీబాడీని కొలిచే మరో రకం రక్తపరీక్ష) గానీ లివర్ బ్లాట్ గానీ కావాలి. వీటితోపాటు టోటల్ ఐజీజీ (రక్తంలో ఎక్కువగా ఉండే రకం యాంటీబాడీల మొత్తం) తప్పనిసరి.

మరొకరు: స్లైడు చదివేవాళ్ల గురించి ఒక మాట. ఎల్‌కేఎం-1, ఏఎంఏ (మైటోకాండ్రియా మీద పనిచేసే యాంటీబాడీ) రెండూ కిడ్నీ నాళికల్ని వెలిగిస్తాయి కాబట్టి ఒకదాన్ని ఇంకోటిగా రాసేస్తుంటారు. జీర్ణాశయం ముక్కలో పెరైటల్ కణాలు (ఆమ్లం తయారుచేసేవి) కూడా వెలిగితే ఏఎంఏ. అవి చీకటిగా ఉండి, లివర్ కణాలూ కిడ్నీలోని ప్రాక్సిమల్ (మొదటి భాగపు) నాళికలూ వెలిగితే ఎల్‌కేఎం-1. ఈ తేడా చిన్నది కాదు: ఏఎంఏ అంటే పీబీసీ అనే వేరే జబ్బు (లివర్‌లోని పిత్తనాళాలను దెబ్బతీసేది), మందూ వేరే. ఏఎస్‌ఎంఏ పాజిటివ్ వస్తే ప్యాటర్న్ రాయమనండి. రక్తనాళాలు మాత్రమే వెలిగే 'వి' ఇతర కారణాల వల్లా వస్తుంది, 'జి' (కిడ్నీ వడపోత గుత్తులు) లేదా 'టి' (కిడ్నీ నాళికలు) కలిస్తే ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌కు బలమైన ఆధారం.

ప్రశ్న: రక్తం పరగడుపునే ఇవ్వాలా?

జవాబు: అక్కర్లేదు. నూనె ఎక్కువున్న భోజనం చేసిన వెంటనే మాత్రం వద్దు, సీరమ్ పాలలా మసకబారుతుంది. ఎర్ర లేదా పసుపు మూత ట్యూబులో 5 మి.లీ. చాలు. అన్నిటికన్నా ముఖ్యం, ప్రెడ్నిసలోన్ మొదలుపెట్టక ముందే రక్తం ఇవ్వండి. స్టెరాయిడ్ పడ్డాక ఐజీజీ, యాంటీబాడీలు రెండూ దిగిపోతాయి.

ఇక లెక్క. ఆటోఇమ్యూన్ హెపటైటిస్ నిర్ధారణకు వాడే 2008 నాటి సరళ స్కోరులో ఏఎన్‌ఏ 1:40కి 1, వైరస్ లేనందుకు 2. ఐజీజీ పైహద్దుకు 1.1 రెట్లు దాటితే మరో 2. మొత్తం 5. 'బహుశా' అనడానికే 6 కావాలి, 'కచ్చితం' అనడానికి 7. వేరే యాంటీబాడీలేవీ దొరక్కపోతే ఆ మిగతాది బయాప్సీ (లివర్ ముక్క తీసి చేసే పరీక్ష) నుంచే రావాలి.

మరొకరు: తిప్పతీగ కషాయం గానీ మాత్రలు గానీ వాడుతున్నారేమో డాక్టరుకు చెప్పండి. ఏఎన్‌ఏ పాజిటివ్‌తో అచ్చం ఇలాగే కనిపించే లివర్ వాపును 2021లో ముంబై వైద్యులు తిప్పతీగ వాడినవాళ్లలో నమోదు చేశారు.