పిల్లలకు బోర్ కొడితే తీర్చాల్సింది మనమేనా?

క్లాక్‌టవర్ నాన్న (నల్గొండ): 2025 ఎండాకాలం సెలవులు ఏప్రిల్ 24న మొదలయ్యాయి, బడి మళ్లీ తెరిచేది జూన్ 12న, అంటే నిండా ఏడు వారాలు. మా ఆరేళ్లోడు అప్పుడే "బోర్ కొడుతోంది నాన్నా" అని వెంటపడి తిరుగుతున్నాడు. మా ఆవిడ సమ్మర్ క్యాంపులో వేద్దామంటోంది, డ్రాయింగ్, కరాటే, అబాకస్, ఇంకా ఏవేవో. నేను వద్దంటున్నా. ఏం తోచకపోతే కాసేపు సతాయిస్తాడు, తర్వాత వాడే ఏదో ఒకటి చూసుకుంటాడు. మన చిన్నప్పుడు మనకెవరు టైంపాస్ చేయించారు? తిని పడేసిన ముంజకాయలు రెండు తెచ్చి, మధ్యలో పుల్ల గుచ్చి, పంగ కర్రతో తోసుకుంటూ ఊరంతా తిరగలేదా? మీరేమంటారు?

పాలమూరు అక్క: తమ్ముడూ, ఆ ముంజకాయ బండి నువ్వే కనిపెట్టావా? వాడకట్టులో నీకంటే పెద్ద పిల్లాడెవడో చేస్తుంటే చూసి నేర్చుకుని ఉంటావు. అష్టాచెమ్మ గళ్లు గీయడం, చింతగింజలు అరగదీయడం, చిర్రగోనె చెక్కుకోవడం అన్నీ అట్ల వచ్చినవే. అప్పుడు తోచకపోతే గడప దాటితే చాలు, పదిమంది ఉండేవాళ్లు. ఇప్పుడు మీవాడు గడప దాటితే ఏముంది, మెట్లు, బైకులు, మూసిన గేటు. ఒక్క పిల్లాడిని నాలుగు గోడల మధ్య కూర్చోబెట్టి వాడే చూసుకుంటాడులే అనడం నాకైతే అన్యాయమనిపిస్తుంది.

మిర్యాలగూడ అమ్మ: ఇద్దరం డ్యూటీకి పోయేవాళ్లం, ఇంట్లో ఉండేది అత్తమ్మ, ఆమెకేమో మోకాళ్ల నొప్పులు. మాది పైన రేకుల పోర్షన్, మధ్యాహ్నం కూలర్ పెట్టినా వేడిగాలే. 44 డిగ్రీల ఎండలో పిల్లను బయటికి పోయి ఆడుకో అని ఏ నోటితో చెప్పాలి? ఫోన్ ఇస్తున్నాం. ఎవరేమన్నా అనుకోండి.

దేవరకొండ సార్: ఇవ్వొద్దని నేననను గాని ఒక లెక్క ఉండాలమ్మా. పిల్లల డాక్టర్ల సంఘం, ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, 2021లో చెప్పింది: రెండేళ్లలోపు అసలు వద్దు, రెండు నుంచి ఐదేళ్ల వాళ్లకు గంట మించొద్దు, ఐదు నుంచి పదేళ్ల వాళ్లకు రెండు గంటల లోపే. టీవీ కూడా అందులోకే వస్తుంది, దానికి వేరే ఖాతా లేదు. ఇంకో సంగతి, పిల్లల్ని ఊరికి పంపేవాళ్లు బావులు, చెరువుల దగ్గర జాగ్రత్త. ప్రతి ఎండాకాలం ఈతకు దిగి పిల్లలు పోయారన్న వార్త వింటూనే ఉన్నాం. మా కాలంలో మమ్మల్ని ఎవరు చూశారండీ అంటారు కొందరు, బతికి బయటపడ్డవాళ్లే కదా ఆ మాట అనేది.

క్లాక్‌టవర్ నాన్న: అక్కా, తోడు పిల్లలు కావాలన్న మాట నిజమే. క్యాంపు మాత్రం ఒప్పుకోను. అక్కడ పదిమంది ఉన్నా గంట కొడితే డ్రాయింగ్, గంట కొడితే డాన్స్, వాళ్లలో వాళ్లు కొట్లాడుకుని మళ్లీ కలిసేందుకు టైమ్ ఏది?

పాలమూరు అక్క: క్యాంపని నేనెక్కడన్నాను? పొద్దు వాలాక మీ బిల్డింగ్‌లో ఉన్న పిల్లలందర్నీ డాబా మీదికి పంపు, ఒక అష్టాచెమ్మ గీసిచ్చి నువ్వు పక్కకు జరుగు. మొన్న మా చిన్నదాన్ని పిల్లలమర్రికి తీసుకెళ్లాం, ఏడొందల ఏళ్ల చెట్టంటారు, మనకు గొప్ప గాని దానికేం పట్టింది, కాసేపటికే "ఇంటికి పోదాం, పక్కింటోళ్లు ఆడుకుంటుంటారు" అని ఒకటే గోల.

మిర్యాలగూడ అమ్మ: సాయంత్రం సంగతి సరే అక్కా. పదకొండు నుంచి ఐదు దాకా ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పట్లేదు.

దేవరకొండ సార్: కింది పోర్షన్‌లో పిల్లలున్నారా? ఉంటే మధ్యాహ్నం అక్కడ ఆడుకోనివ్వమని అడిగి చూడండి, మీకు సెలవున్న రోజు వాళ్ల పిల్లల్ని మీరు చూసుకోవచ్చు.

మిర్యాలగూడ అమ్మ: ఉన్నారు సార్, ఇద్దరు. కాకపోతే కింద ఉండేది ఓనర్ వాళ్లు, మోటర్ వేయమంటేనే పది మాటలంటారు.