టీ మనదా, తెల్లవాళ్ళు అలవాటు చేసిందా?

శ్రీకాకుళం రమణ:
నిన్న మా ఆఫీసులో ఒకాయన "టీ మన వేల ఏళ్ళ సంప్రదాయం" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. మీరేమంటారో చెప్పండి.

నా వాదన ఇది. టీని తెల్లవాళ్ళు మనకు పనిగట్టుకుని అలవాటు చేశారు. 1903లో టీ సెస్సు చట్టం వచ్చింది. ఎగుమతయ్యే టీ మీద వసూలైన ఆ డబ్బుతోనే ప్రచారం నడిచింది. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ఫ్యాక్టరీల్లో, గనుల్లో టీ కొట్లు పెట్టించారు. తర్వాత రైల్వే స్టేషన్లు. 1930ల మాంద్యంలో ధరలు పడిపోయాయి, 1933 అంతర్జాతీయ ఒప్పందంతో ఎగుమతులకు హద్దు పెట్టారు. మరి మిగిలిన సరుకు ఎవరు తాగాలి? మనమే. ఉచితంగా పోసి మరీ తాగించారు. గాంధీగారూ, రసాయన శాస్త్రవేత్త ప్రఫుల్ల చంద్ర రే టీ వద్దని ఊరికే చెప్పలేదు. మన ఊళ్ళలో పొద్దున్నే తాగింది గంజి, అంబలి, తరవాణి, మజ్జిగ. టీ కాదు.

ఓరుగల్లు లలిత:
రమణ గారూ, ప్రచారం గురించి మీరు చెప్పింది నిజమే. కానీ కథ 1903లో మొదలవలేదు. తేయాకు చెట్టు అస్సాం అడవుల్లో ముందునుంచే ఉంది. సింగ్‌ఫో ప్రజలు ఆ ఆకు కోసి, వేయించి, వెదురు గొట్టాల్లో కూరి, పొగ పట్టించి దాచుకునేవాళ్ళు. ఇప్పటికీ చేస్తున్నారు. 1823లో రాబర్ట్ బ్రూస్ అనే స్కాట్లండ్ వ్యాపారి వాళ్ళ నాయకుడు బీసా గామ్‌ను కలిశాకే ఆ చెట్టు సంగతి ఇంగ్లీషువాళ్ళకు తెలిసింది. బ్రూస్‌కు దారి చెప్పినవాడు మణిరాం దేవాన్ అంటారు.

ఆ తర్వాత కూడా చాలాకాలం అది అసలు టీయేనా అని అనుమానపడ్డారు. గవర్నర్ జనరల్ బెంటింక్ 1834లో టీ కమిటీ వేసి, చైనా నుంచి విత్తనాలు తెప్పించాడు. చివరికి అస్సాం మైదానంలో నిలదొక్కుకున్నది అక్కడి చెట్టే. 1839 జనవరిలో లండన్ వేలంలో అమ్ముడైన మొదటి అస్సాం టీ ఆ ఆకుదే. అలాంటప్పుడు టీ అంతా తెల్లవాళ్ళ పనే అన్నట్టు మాట్లాడటం అన్యాయం కదా.

సూర్యాపేట కిరణ్:
మా గ్రూపులో ఒకటి వచ్చిందక్కా. 5000 ఏళ్ళ కిందట ఒక రాజు మసాలా టీ చేయించాడట. నిజమేనా?

ఓరుగల్లు లలిత:
దానికి ఆధారం లేదు తమ్ముడూ. అలాంటివి ముందుకు తోసి మన వాదనను మనమే పలచన చేసుకోవద్దు. మసాలా వేసిన టీకి గట్టి పాత సాక్ష్యం కావాలంటే 1689లో సూరత్ వచ్చిన ఓవింగ్టన్ అనే పాదిరీ రాతలు చూడాలి. అక్కడి వర్తకులు టీ నీళ్ళలో ఘాటు దినుసులు వేసి మరిగించి, తలనొప్పికీ కడుపునొప్పికీ తాగేవారని రాశాడు. అది ఓడల మీద వచ్చిన చైనా సరుకు, తాగింది రేవు పట్నం జనం. ఊళ్ళకు దానితో సంబంధం లేదు.

శ్రీకాకుళం రమణ:
సింగ్‌ఫోల టీ సింగ్‌ఫోలది. దాన్ని మన ఖాతాలో ఎలా వేసుకుంటాం? వాళ్ళ అడవులు కొట్టి తోటలు వేశారు. ఆ మణిరాం దేవాన్ సంగతే చూడండి. ఇంగ్లీషువాళ్ళ టీ తోటల సంస్థ అస్సాం కంపెనీలో పనిచేసి, బయటికొచ్చి సొంత తోటలు వేశాడు. టీ తోట పెట్టిన మొదటి భారతీయుల్లో ఆయన ఒకడు. 1858లో జోర్హాట్‌లో ఉరితీశారు, తిరుగుబాటుకు కుట్ర పన్నాడని.

ఇంకోటి ఎవరూ ఎత్తడం లేదు. ఆ తోటల్లో పనికి ఛోటానాగ్‌పూర్ నుంచీ, ఒడిశా నుంచీ, మా గంజాం, విశాఖ వైపు నుంచీ జనాన్ని తరలించారు. 1882 చట్టం ప్రకారం అయిదేళ్ళ దాకా ఒప్పందం. మధ్యలో వెళ్ళిపోతే తోట యజమానే మనిషిని పట్టి తెచ్చుకోవచ్చు. 1921లో అస్సాం దక్షిణాన ఉన్న చర్‌గోలా లోయ కూలీలు వేలమంది తోటలు వదిలి ఇంటిదారి పట్టారు. ఇప్పటి బంగ్లాదేశ్‌లో ఉన్న చాంద్‌పూర్ స్టేషన్లో వాళ్ళను గూర్ఖా సిపాయిల చేత కొట్టించారు. ఇంత చేసి తయారుచేసిన సరుకుకి "మన సంస్కృతి" అని పేరు పెడుతుంటే నాకు మండుతుంది.

పాతబస్తీ అన్వర్:
రమణ భాయ్, మీ బాధ అర్థమైంది. కానీ మా చార్మినార్ దగ్గర పొద్దున నాలుగింటికే కప్పులు కడుగుతుంటారు, వచ్చి చూడండి. ఇరానీ చాయ్‌లో డికాషన్ ఒక పక్క దమ్ మీద ఉంటుంది, పాలు ఇంకో పక్క చిక్కగా మరుగుతాయి, కప్పులో కలుస్తాయి. ఇరాన్లో చాయ్‌కి పాలు పోయరు. బొంబాయి, పూణే మీదుగా వచ్చిన ఇరానీలు ఇక్కడి నాలుకకు తగ్గట్టు మార్చారు. దీన్ని ఏ తెల్లదొర నేర్పాడు?

ఓరుగల్లు లలిత:
అన్వర్ భాయ్ చెప్పిందే నేను పట్టుకుంటాను. టీ అమ్మేవాళ్ళు నేర్పింది ఒకటి, మనం చేసుకుంది ఇంకొకటి. వాళ్ళ పద్ధతిలో మరిగే నీళ్ళు ఆకు మీద పోసి, మూతపెట్టి, కొన్ని నిమిషాలాగి, చివర కాసిన్ని పాలు చుక్కలుగా వెయ్యాలి. స్టేషన్ కొట్టువాడు ఆ మాట వినలేదు. పొడి, పాలు, చక్కెర ఒకే గిన్నెలో వేసి పొంగించాడు, అల్లం, యాలకులు దంచి వేశాడు. ఇలా చేస్తే ఆకు తక్కువ పడుతుందని టీ సంఘంవాళ్ళు గొణిగారు కూడా. ఆకు ఖరీదైనది, అల్లం చవక, పాలు ఇంట్లో ఉండేవి. కూలి చేసి అలిసినవాడికి ఒక్క గ్లాసులో తీపి, వేడి, కాస్త బలం దొరికాయి. ప్రచారం జనాన్ని కొట్టుదాకా తీసుకొచ్చి ఉండొచ్చు. ఆ ప్రచారం నడిపిన సెస్సు కమిటీ పోయి ఇన్నేళ్ళయినా జనం నిలబడింది మాత్రం కొట్టువాడి చేతివాటం వల్ల.

భీమవరం సత్తిబాబు:
మాది టీ కొట్టేనండీ, అందుకని ఒక మాట. మరిగించే టీకి ఆకు టీ పనికిరాదు, పాలల్లో తేలిపోద్ది. సీటీసీ పొడి ఉండాలి, అందులోనూ మనవైపు డస్ట్, అంటే బాగా మెత్తటి రకం. 1930ల మొదట్లో అస్సాం తోటలో మెకర్చర్ అనే ఆయన కనిపెట్టిన యంత్రమంట అది, ఆకుని చిదిమి, చీల్చి, చుట్టేస్తది. తక్కువ పొడికే రంగు, కడక్ వచ్చేస్తాయి. అందుకే గ్లాసు చవగ్గా ఇవ్వగలుగుతున్నాం. అది ఊరూరా రాకపోతే మా బళ్ళే లేవు.

శ్రీకాకుళం రమణ:
సత్తిబాబు గారూ, ఇది బాగా చెప్పారు. లలిత గారూ, మరిగించే పద్ధతి మన కొట్లదేనన్నది ఒప్పుకుంటున్నాను. రుచి మనది. అలవాటు మాత్రం చేయించినదే. ఈ రెండిటినీ కలిపి "వేల ఏళ్ళ సంప్రదాయం" అనడానికి మాత్రం నేను ఒప్పుకోను.

సూర్యాపేట కిరణ్:
అన్నా, అస్సాం వెళ్ళిన మనవాళ్ళు ఇప్పుడేమయ్యారు?

శ్రీకాకుళం రమణ:
అక్కడే ఉన్నారు కిరణ్. చాలామంది ఇంకా తోటల లైన్లలోనే, అంటే కూలీల వరస ఇళ్ళలోనే. ఇప్పటికీ ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలున్నాయి. అస్సాం ఓబీసీ జాబితాలో తేయాకు తోటల జాతుల కింద "తెలంగ" అనే పేరుంది. మన సవరలు ఇక్కడ ఎస్టీలు. అక్కడికి వెళ్ళిన సవరల వారసులు కూడా ఆ ఓబీసీ జాబితాలోనే. ఎస్టీ హోదా కోసం తోటల ఆదివాసులు ఏళ్ళుగా అడుగుతున్నారు. దీనిమీద వేరే చర్చ పెడతాను. లలిత గారూ, మీరు తప్పకుండా రావాలి.