డాలియా దుంపల్లో కొన్ని ఎందుకు మొలకెత్తలేదు?

ప్రశ్న

నమస్కారం. కిందటి ఏడాది పూసిన డాలియా మొక్కను తవ్వి తీసి, దాని మొదలు దగ్గర గుత్తిగా ఉన్న దుంపలను ఒక్కొక్కటిగా విడదీసి పది కుండీల్లో నాటాను. నాలుగు మాత్రమే మొలిచాయి. మిగిలిన ఆరింటిని రెండు నెలల తరవాత తవ్వి చూస్తే, దుంపలు కుళ్లలేదు, గట్టిగానే ఉన్నాయి, సన్నని వేళ్లు కూడా వేశాయి. మొలక జాడ మాత్రం లేదు. అల్లాన్ని, బంగాళాదుంపను ముక్కలు చేసి నాటినప్పుడు ఇంచుమించు అన్నీ మొలిచాయి. మూడూ భూమిలో ఊరే దుంపలే కదా, ఈ తేడా ఎందుకు వస్తోంది?

సమాధానం 1

మూడింటినీ దుంపలనే పిలుస్తున్నా, అల్లం, బంగాళాదుంప కాండాలు. డాలియా దుంప మాత్రం ఉబ్బిన వేరు. కాండం నేల కింద ఉన్నా కాండమే కాబట్టి దానికి కణుపులుంటాయి, కణుపు దగ్గర పొలుసాకు, దాని గ్రీవంలో, అంటే ఆకు కాండానికి అతికే మూలలో, మొగ్గ ఉంటాయి. అల్లం కొమ్ము మీద ఉంగరాల్లా కనిపించే గీతలు ఆ కణుపులే. బంగాళాదుంప మీద మనం కన్ను అనేది మొగ్గలున్న గుంట. దాని అంచున కనుబొమలా ఉండే గీత పొలుసాకు రాలిన మచ్చ. కళ్లు చెదురుమదురుగా ఉన్నట్టు అనిపిస్తాయి గాని, దుంపను చేతిలో తిప్పుతూ ఓపికగా చూస్తే, కొమ్మ మీద ఆకుల మాదిరే అవీ మెలి తిరిగిన వరుసలో అమరి ఉన్నాయని తెలుస్తుంది. ఇది చూసిన ప్రతిసారీ నాకు ఆశ్చర్యమే.

డాలియా దుంపకు కణుపూ లేదు, కన్నూ లేదు. మొగ్గలన్నీ దుంప మెడకు పైన, పాత కాండం అడుగుభాగంలో ఉంటాయి. ఆ కాండంలో మొగ్గ ఉన్న చిన్న చెక్కైనా అంటి రాని దుంప, ఎంత పుష్టిగా ఉన్నా, నిలవ ఉన్న ఆహారంతో వేళ్లు వేసి అలాగే ఉండిపోతుంది. మొలిచిన నాలుగింటికీ అటువంటి చెక్క ఉండి ఉంటుంది, పరిశీలించండి.

సమాధానం 2

పై వివరణ సరైనదే గాని, వేరు దుంపలేవీ సొంతంగా మొలవవని అనుకోకూడదు. చిలగడదుంప కూడా వేరు దుంపే. అయినా అది కొత్తగా మొగ్గలను పుట్టించుకోగలదు, అవి ఎక్కువగా తీగకు అతికి ఉన్న చివరి వైపునే వస్తాయి. ఇక బంగాళాదుంపను ముక్కలు చేయడంలో మరో లాభం ఉంది. దుంపను కోయకుండా నాటితే కొనన ఉన్న మొగ్గ ముందు మొలిచి తక్కినవాటిని అణచి ఉంచుతుంది. కోస్తే ఆ అదుపు తప్పి, కింది కళ్లు కూడా మొలుస్తాయి. కోసిన ముక్కలను రెండు మూడు రోజులు గాలి తగిలే నీడలో ఉంచి, కోత మీద పొర కట్టాక నాటితే కుళ్లు తగ్గుతుంది.

ప్రశ్న అడిగినవారు

కృతజ్ఞతలు. ఇప్పుడే అన్నింటినీ పక్కపక్కన పెట్టి చూశాను. మొలిచిన నాలుగింటికీ కాండం చెక్క ఉంది. మొలవని వాటిలో అయిదు మెడ దగ్గరే తెగి ఉన్నాయి. ఆరో దానికి చెక్క ఉన్నా మొగ్గ ఎక్కడుందో నాకు కనిపించడం లేదు.

సమాధానం 1 రాసినవారు

నిద్రావస్థలో ఉన్న మొగ్గ చాలా చిన్నది, అలవాటైన కంటికి కూడా అందదు. ఆ ఒక్కదాన్ని తిరిగి నాటి చూడండి. వచ్చేసారి గుత్తిని తవ్విన వెంటనే విడదీయకుండా, కొద్దిపాటి తేమలో వెచ్చగా ఉంచి, మెడ పైభాగంలో మొగ్గలు ఉబ్బడం మొదలయ్యాక, ప్రతి దుంపకూ ఒక మొగ్గ వచ్చేలా పదునైన కత్తితో కోయండి.