థైరాయిడ్ క్యాన్సర్: బీరాఫ్ పాజిటివ్ వస్తే పాత స్కాన్ల వల్లేనా?

వేళచ్చేరి అక్క: మా చెల్లెలికి మెడలో గడ్డ. ఎఫ్‌ఎన్‌ఏసీలో (గడ్డలోంచి సూదితో కణాలు తీసి చూసే పరీక్ష) పాపిల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ అని తేలింది, జీన్ రిపోర్టులో బీరాఫ్ వి600ఈ, అంటే బీరాఫ్ అనే జీన్‌లో ఒక మార్పు, పాజిటివ్ అని రాశారు. చిన్నప్పుడు సైనస్‌కి సీటీ తీయించాను, పళ్లకి ఎక్స్‌రేలు తీయించాను, నా వల్లే వచ్చిందని అమ్మ ఒకటే ఏడుపు. ఏం చెప్పి ఊరుకోబెట్టాలో తెలియడం లేదు.

పెరంబూర్: మా ఆయనకీ ఇదే రిపోర్టు అక్కా. ఆయన మెడకి, తలకి ఏ స్కానూ ఎరగరు. పెద్దవాళ్ల పాపిల్లరీలో దాదాపు సగం కేసుల్లో ఈ మార్పే ఉంటుందని డాక్టర్‌గారు చెప్పారు. ఆపరేషన్ అయింది, ఇప్పుడు ఆఫీసుకి వెళ్తున్నారు.

తాంబరం ల్యాబ్: నేను జీన్ టెస్టుల ల్యాబ్‌లో పనిచేస్తాను. బీరాఫ్ వి600ఈ అంటే ఆ జీన్‌లో ఒక్క అక్షరం మారడం, టీ ఉండాల్సిన చోట ఏ రావడం. రేడియేషన్ చేసే ముఖ్యమైన దెబ్బ వేరు. డీఎన్‌ఏ రెండు పోగులూ ఒకేచోట తెగిపోతాయి. తెగిన కొసల్ని కణం మళ్లీ అతికించేటప్పుడు ఒక జీన్ ముక్క ఇంకో జీన్‌కి అతుక్కుంటుంది. దీన్నే ఫ్యూజన్ అంటాం. 1986లో ఉక్రెయిన్‌లోని చెర్నోబిల్ అణు విద్యుత్ కేంద్రం పేలాక అయోడిన్-131 అనే రేడియోధార్మిక అయోడిన్ పడిన గడ్డి ఆవులు మేశాయి, ఆ పాలు పిల్లలు తాగారు. వాళ్లకి తర్వాత వచ్చిన థైరాయిడ్ కణితుల్లో రెట్ అనే జీన్ ఫ్యూజన్లు బాగా కనిపించాయి. 2021లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనంలో 440 మంది ఉక్రెయిన్ రోగుల కణితుల్ని పరీక్షించారు. డోసు పెరిగేకొద్దీ, అందులోనూ పసితనంలో తగిలినవాళ్లలో, ఫ్యూజన్లు పెరిగాయి. అయినా ఇది రేడియేషన్ పనే అని పట్టిచ్చే ప్రత్యేకమైన గుర్తు ఒక్కటీ దొరకలేదు. రేడియేషన్ తగలని పిల్లల్లోనూ ఫ్యూజన్లు వస్తాయి మరి. అందుకని ఒక్కరి రిపోర్టు చూసి కారణం ఎవరూ తేల్చలేరు. అమ్మగారికి ఈ మాట గట్టిగా చెప్పండి, ఆ నింద ఆవిడ మీద వేసుకోనక్కర్లేదు.

వేళచ్చేరి అక్క: చాలా థాంక్స్ అండి, ఇప్పుడే అమ్మకి చదివి వినిపించాను. చెల్లెలికి చిన్న పాప ఉంది. దానికీ వస్తుందా?

తాంబరం ల్యాబ్: బీరాఫ్ మార్పు కణితిలో పుట్టిందే, పిల్లలకి దిగదు. మెడల్లరీ అనే ఇంకో రకం థైరాయిడ్ క్యాన్సరైతే సంగతి వేరు. అందులో రెట్ మార్పు పుట్టుకతోనే ఉండొచ్చు, అప్పుడు ఇంట్లోవాళ్లకీ రక్తపరీక్ష చేస్తారు.

అడయార్: ఒక్క మాట. చిన్నప్పుడు మెడకో తలకో రేడియేషన్ ట్రీట్‌మెంట్ జరిగి ఉంటే మాత్రం సర్జన్‌కి తప్పక చెప్పండి. మా అన్నయ్య విషయంలో ఆ పాత ఫైలు చూశాకే సర్జన్ మొత్తం థైరాయిడ్ గ్రంథి తీసేద్దామన్నారు.